లందకాడి తుమ్మలు

చెట్లను లెక్కపెట్టుకోవడం ఇస్రాయేలుకు రోజూ ఉన్న పనే. ఆ పొద్దు కూడా పదకొండూ ఉన్నాయి. ఉన్నాయిగానీ ప్రతి తుమ్మ మొద్దుకూ ఛాతీ ఎత్తున ఒక రేకు బిళ్ల మేకేసి కొట్టి ఉంది. బిళ్ల మీద అంకె. ఒకటి నుంచి పదకొండు దాకా, వరస తప్పకుండా.

అతను ముందు చుట్టూ చూశాడు. కుంట కట్ట మీద గొర్లను తోలుకొస్తూ పరశురాములు కనిపించాడు.

"ఎవడు కొట్టిండు పరశురాములూ గీ మేకులు?"

"నిన్న మాపటీల జీపేసుకొని ఒక పోరి వచ్చింది ఇస్రాయేలన్నా. ఒక్కొక్క చెట్టును కావలిచ్చుకున్నది. నేనేదో మొక్కు అనుకున్న."

"కావలిచ్చుకునుడు కాదురా, చుట్టుకొలత తీసింది. నువ్వేం అడగలేదా?"

"అడిగిన. పరిశోధన అన్నది. నా గొర్లు తుమ్మకాయలు తింటున్నయ్ గదా, వాటిని సుత కొలుస్తదేమోనని నేను ఆగలే."

ఆ ఊళ్లో చెట్టుకు అంకె పడిందంటే రెండే అర్థాలు. ఒకటి, రోడ్డు వెడల్పు చేస్తారు. రెండు, వేలం వేస్తారు. ఏదైనా చెట్టు మిగలదు. ఇస్రాయేలు ఇంటికి పోయి పట్టకారు తెచ్చి పదకొండు మేకులూ పీకాడు. పీకిన చోటల్లా మేకు చుట్టూ నల్లటి మచ్చ. తుమ్మ రసం ఇనుముకు తగిలితే సిరాలాగా నల్లబడుతుంది. ఇనప మేకు కొట్టిందంటే ఈ పని తెలిసిన మనిషి కాదు. పని తెలియకుండా చెట్ల మీదికొచ్చే వాళ్లు దేనికొస్తారో అతనికి తెలుసు. భూమికొస్తారు.

నార్కట్‌పల్లి అడ్డరోడ్డుకు ఏడు కిలోమీటర్ల లోపల, కుంట కింద, ఆ జాగా ఇరవై గుంటలు. సరిగ్గా అరెకరం. ఇస్రాయేలు తండ్రి బక్కయ్య అక్కడ లంద నడిపేవాడు. ఊళ్లో చచ్చిన పశువుల తోళ్లను సున్నపు గుంతలో నానేసి, బొచ్చు తీసి, తుమ్మచెక్క దంచి కలిపిన నీళ్లలో ఊనితే, అంటే ఊరబెట్టి పదును చేస్తే, చెప్పుకూ మోటబొక్కెనకూ పనికొచ్చే తోలవుతుంది. ఆ గుంతలున్న చోటే లంద. చెక్క అంటే చెట్టు బెరడు. దాని కోసమే బక్కయ్య లంద చుట్టూ నల్లతుమ్మలు పెంచుకున్నాడు. రైతుకు చేను ఎట్లాగో అతనికి ఆ చెట్లు అట్లా.

ఆ లంద పోయిన తీరు కూడా ఇస్రాయేలుకు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. అతనికి ఇరవై ఆరేళ్లప్పుడు ఇద్దరు మనుషులు కెమెరాతో వచ్చారు. సున్నం ఎంత, చెక్క ఎంత, ఎన్ని రోజులు అని మూడు రోజులు కూచొని అడిగి రాసుకున్నారు. పోతూ పోతూ ఒక కాయితం మీద బక్కయ్య వేలిముద్ర తీసుకున్నారు. ఆరు నెలలకు ట్రాక్టర్లు వచ్చి గుంతల్లో మొరం పోసి పూడ్చాయి. కుంట నీళ్లు చెడుతున్నాయి గనక లంద ఎత్తేయడానికి తనకు సమ్మతమేనని బక్కయ్య ముద్ర వేశాడట. ఆ సంగతి ఆయనకు గుంతలు పూడ్చినాకే తెలిసింది. చచ్చిపోయేదాకా కొడుకును ఒకటే అడిగేవాడు. "నేను ఏం చెప్పిన బిడ్డా వాళ్లకు? ఏ మాట కాడ తప్పిన?"

నిజం చెప్పాలంటే గుంతలు పూడినందుకు ఇస్రాయేలు ఏడవలేదు. బడిలో అతన్ని వాకిలి పక్కన విడిగా కూచోబెట్టింది ఆ వాసన వల్లే. పేరు పెట్టి పిలిచిన వాళ్లకంటే లందోని కొడుకా అని పిలిచిన వాళ్లే ఎక్కువ. అతను నల్లగొండ పోయి సర్కారు హాస్టల్లో వాచ్‌మన్‌గా చేరి ముప్పై ఏళ్లు గేటు కాశాడు. వచ్చిందెవరు, దేనికొచ్చారు, చేతిలో ఏముంది అని అడగడమే అతని ఉద్యోగం. రిటైరై ఊరికొచ్చినా ఆ అలవాటు రిటైరు కాలేదు. బిడ్డ ఎస్తేరును నర్సు చదివించి సూర్యాపేట వాళ్లకిచ్చాడు. ఇంట్లో లంద అనే మాట ఎవరూ అనరు.

జాగా మాత్రం వదల్లేదు. కానీ కొత్త పాసుబుక్కులు వచ్చినప్పుడు ఆ ఇరవై గుంటలు అతని బుక్కులోకి రాలేదు. రికార్డులో సర్కారు భూమి అని ఉందన్నారు. తండ్రికి సర్కారు ఎప్పుడో ఇచ్చిన పట్టా కాయితాన్ని చెదలు తిన్నాయి. ఇప్పుడక్కడ గోదాం కట్టాలని పంచాయతీలో మాట నడుస్తోంది. వచ్చే నెల సర్వే అని నోటీసు గోడకంటించారు. అట్లాంటి సమయంలో చెట్లకు అంకెలు పడితే ఏ మనిషికైనా గుండెలో రాయి పడుతుంది. ఇస్రాయేలుకు రెండు పడ్డాయి.

మూడోనాడు ఆ అమ్మాయే ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు స్నిగ్ధ. హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో పని.

"అంకుల్, చెట్లకు నేను పెట్టిన నంబర్లు ఎవరో తీసేశారు."

"నేనే తీసిన. సర్పంచ్ తోలిండా? గోదాం గుత్తేదారు తోలిండా?"

"ఎవరూ తోలలేదు. నేనే వచ్చాను."

"నీ అంతట నువ్వు హైదరాబాద్ నుంచి మా తుమ్మలు చూసెతందుకు వచ్చినవ్. సరే. నమ్మిన."

ఇస్రాయేలు భార్య మారెమ్మ చెంబుతో నీళ్లు తెచ్చింది. "కూసో బిడ్డా. గాయన నన్ను సుత నలభై ఏండ్ల సంది గేటు కాడనే నిలవెట్టిండు. లోపలికింకా రానియ్యలే."

స్నిగ్ధ నవ్వి, ఓపికగానే చెప్పింది. ప్లైవుడ్డు పలకలు అతికే జిగురును ఇప్పుడు భూమిలోంచి తోడిన నూనెతో, కండ్లు మండే మందులతో చేస్తున్నారు. తుమ్మచెక్కలో ఉండే వగరుతో ఆ జిగురు చేయొచ్చు. తోడిన నూనె మళ్లీ పుట్టదు, చెట్టు చెక్క మళ్లీ పుడుతుంది. చెట్టు చావకుండా ఎంత చెక్క తీయొచ్చు, మళ్లీ ఎన్నేళ్లకు నిండుతుంది, ఇది తేలాలి. పాతకాలంలో చెక్క తీసి కూడా బతికిన చెట్లు జిల్లాలో ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వచ్చింది.

చెప్పిందంతా సాఫుగానే ఉంది. అంత సాఫుగా ఉండటమే ఇస్రాయేలుకు నచ్చలేదు. హాస్టల్ గేటు దగ్గర కూడా అబద్ధం చెప్పేవాళ్లే తడుముకోకుండా చెప్పేవాళ్లు.

కానీ ఊరికే వెళ్లగొడితే ఎటుపోతుందో తెలియదు. ఏదో ఒకటి ఇచ్చి చూడాలి. గాలికి విరిగిపడ్డ కొమ్మ నుంచి వొలిచి గంపెడు పచ్చి చెక్క ఆమె సంచిలో పోశాడు. "దీన్ని ఎండనియ్యకు. తడిగనే ఇనప డబ్బల దాచు. పదిహేను రోజులు మూత తియ్యకు" అని చెప్పాడు. తోళ్ల పని పుట్టినప్పటినుంచి ఏ లంద మనిషీ చేయని పని అది. చెక్క నీళ్లకు కుండలే వాడతారు, ఇనుము సోకనివ్వరు. స్నిగ్ధ మాత్రం ఆ మాటను పుస్తకంలో రాసుకొని వెళ్లింది.

ఇరవై రోజులకు ఆమె మళ్లీ వచ్చింది. చేతిలో సీసా. సీసాలో బొగ్గునీళ్ల లాంటిదేదో ఉంది.

"మొత్తం ఇట్లా అయింది అంకుల్. నంబరు మేకంత ఇనుముతో చెట్టుకేం కాదుగానీ, చెక్క ఇనుములో నల్లబడుతుందని నాకు తెలుసు. మొదటి సంవత్సరంలోనే చదువుకున్నాం. మీరు చెప్పారు గనక పాత పద్ధతిలో ఏదైనా కిటుకు ఉంటుందేమో అనుకొని చేశాను."

మారెమ్మకు సంగతి అర్థమై మొగుడి మీద లేచింది. "ఓ ముసలోడా, చదువుకున్న పిల్లతోని ఇనప డబ్బల పెట్టిస్తవా? మీ నాయిన సూస్తే నిన్ను గా గుంతల్నే ఊనేటోడు."

ఇస్రాయేలు ఆలోచన వేరే దారిన పోతోంది. తెలిసి కూడా తన మాట నమ్మిందంటే ఈమె ఉత్త అమాయకురాలన్నా కావాలి, లేదంటే తన నోటినుంచి ఇంకేదో రాబట్టడానికి నష్టపోవడానికి కూడా సిద్ధపడ్డదై ఉండాలి. రెండోదే అయి ఉంటుందని అతను తేల్చుకునేలోగా, ఆమె సంచిలోంచి ఒక కాయితం తీసింది.

"ఇది సమ్మతి పత్రం అంకుల్. చెట్లకు సన్నటి బర్మా పెట్టి లోపలి కట్టె పుల్లంత తీసి చూస్తాం. మీకు ఇష్టమేనని ఇక్కడ సంతకం పెడితే చాలు."

"సమ్మతి" అన్న మాట విన్నాక ఇస్రాయేలు లేచి నిలబడ్డాడు. కాయితం ఫోటో తీసి బిడ్డకు వాట్సాప్ పంపాడు. పావుగంటకు ఎస్తేరు ఫోన్ చేసింది.

"రెండుసార్లు చదివిన బాపు. అందుల భూమి ముచ్చట ఏం లేదు. పెట్టొచ్చు. కానీ ఒకటి, లంద అని మాత్రం ఎక్కడ రాయనియ్యకు. మా అత్తగారింట్ల ఆ మాట తెల్వది."

ఫోన్ పెట్టేసి ఇస్రాయేలు కాయితాన్ని స్నిగ్ధ ముందుకు తోశాడు.

"నేను పెట్ట. సంతకం కావాల్నంటే నువ్వే పెట్టు."

"నేనా?"

"మా బాపు ఒక్కసారి పెట్టిండు. ఇప్పుడు వంతు నీది. గీ తుమ్మలు ఇస్రాయేలువి, తండ్రి బక్కయ్య, ఆయన చేతుల్ల ఉన్నయ్, ఆయన్ని అడిగి నేను చెక్క తీసుకపోతున్న అని రాసి మీ ఆఫీసు ముద్ర కొట్టి నా చేతులవెట్టు. అప్పుడు బర్మా కాదు, గడ్డపార పెట్టుకో."

స్నిగ్ధ తల అడ్డంగా ఊపింది. "భూమి ఎవరిదో రాసే అధికారం నాకు లేదు అంకుల్."

"భూమి రాయమన్ననా? చెట్టు రాయమన్న."

"చెట్లు మీవేనని నాకెట్లా తెలుసు?"

ఆ మాట ఇస్రాయేలు ఊహించలేదు. ఇన్నేళ్లుగా అందర్నీ తను అడిగే ప్రశ్నే అది. కోపం రావాలి, రాలేదు. పైపెచ్చు ఆ అమ్మాయి మీద మొదటిసారి ఆవగింజంత గౌరవం కలిగింది.

"పా, సూపిస్త" అన్నాడు.

కుంట దగ్గర అతను చెట్లకు వీపు చేసి నిలబడ్డాడు. చూడకుండానే చెప్పడం మొదలుపెట్టాడు. ఒడ్డు పక్కనుంచి మొదటిది, పడమటి దిక్కు మచ్చ. రెండోది ఉత్తరం. నాలుగోదానికి రెండు మచ్చలు, ఎదురెదురు. చివరి రెండు అప్పటికి పసి చెట్లు, బాపు వాటిని ముట్టలేదు. చెక్కను చుట్టూ ఒలిస్తే చెట్టు చస్తుంది గనక ఏడాదికి ఒక పక్క జానెడు వెడల్పు మాత్రం తీసేవాడు, మళ్లీ ఆ పక్కకు ఏడేళ్ల దాకా పోయేవాడు కాదు. మొత్తం తొమ్మిది చెట్లు, తను చిన్నప్పుడు పక్కనుండి చూసిన మచ్చల లెక్క ఇది.

"ఎంత ఎత్తులో?"

"నా నెత్తికి జానెడు మీద. అన్నింటికి అంతే."

స్నిగ్ధ స్టూలు ఎక్కి అతను చెప్పిన ఎత్తులో మొదటి చెట్టుకు బర్మా దించింది. బయటికొచ్చిన పుల్ల ఎర్రగా, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. రెండో చెట్టుకు పెట్టింది. అదీ అంతే. నాలుగోదానికి రెండు వైపులా పెట్టింది. ఏమీ లేదు. ఆమె స్టూలు దిగి పుస్తకం మూసింది.

"అంకుల్, నన్ను మళ్లీ ఇనప డబ్బాలో పెడుతున్నారా?"

ఇస్రాయేలు పోయి చెట్టు మొద్దును చేత్తో తడిమాడు. కళ్లు మూసుకున్నా కనబడే మచ్చలు అవి. తను మరిచాడా? లేక ఇవి అసలు బాపు చెట్లే కావా? వాటిని నరికేసి ఎవరైనా వేరేవి నాటారా? అనుమానం ఇంతకాలం ఊరిమీద పడింది. ఇప్పుడది తిరిగి అతని మీదికే వచ్చింది. సర్వేకు ఇక తొమ్మిది రోజులు. ఈ చెట్లు కూడా సాక్ష్యం చెప్పకపోతే అతనికి చెప్పేవాళ్లెవరూ లేరు.

"తప్పు చెప్తలేను మేడం. నాకు సాఫ్ గుర్తున్నది. నా నెత్తి మీద గంప పెట్టి, బాపు నా వెనుక నిలవడి గంప అంచుకు కొంచెం మీద చెక్క తీసేటోడు. పెచ్చు సీదా గంపల వడాలె. కిందవడితే మట్టంటుతదని తిట్టేటోడు. అగో అక్కన్నే. ఇప్పుడు చెట్టు పెరిగింది గన్క ఇంకా మీదికే పోయి ఉండాలె గని, కిందికెట్ల వస్తది?"

స్నిగ్ధ మూసిన పుస్తకం మళ్లీ తెరిచింది. "అప్పుడు మీ వయసెంత అంకుల్?"

"ఎనిమిదో, తొమ్మిదో."

"చెట్టు కొసకు పెరుగుతుంది, మొద్దు లావెక్కుతుంది. మొద్దు మీద గీసిన గీత పైకి పోదు. యాభై ఏళ్లయినా పడ్డచోటే ఉంటుంది." ఆమె దగ్గరికొచ్చి, తొమ్మిదేళ్ల పిల్లవాడి నెత్తి ఎంత ఎత్తుంటుందో చేత్తో చూపించి, దాని మీద గంప ఎత్తు వేసింది. చెయ్యి ఇస్రాయేలు గదుమ దగ్గర ఆగింది. "పెరిగింది మీరు."

ఆ ఎత్తులో బర్మా పెట్టింది. పుల్ల బయటికొచ్చింది. ఎర్రటి కట్టె మధ్యలో గోరంత నల్లటి గీత, దానికి అటూ ఇటూ మెలిక తిరిగి మూసుకున్న పొరలు. రెండో చెట్టుకు ఉత్తరాన అదే ఎత్తులో, అదే గీత. నాలుగోదానికి రెండు. వెంట వచ్చి చూస్తున్న మారెమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. ఇస్రాయేలు ఆ పుల్లను ముట్టుకోలేదు, దూరంనుంచే చూశాడు.

చివరికి ఎనిమిది చెట్లు సరిపోయాయి. ఏడోదానికి అతను చెప్పిన దిక్కులో ఏమీ దొరకలేదు.

"తొమ్మిది రాయి మేడం. ఒక్కదానికేమాయె."

"దొరికింది ఎనిమిది అంకుల్. ఎనిమిదే రాస్తాను."

అడిగినదానికంటే ఎక్కువ రాసిచ్చేవాళ్లను ఇస్రాయేలు చాలామందిని చూశాడు. వాళ్లు అందరికీ అట్లాగే రాసిస్తారు. తక్కువ రాసే మనిషిని చూడటం ఇదే మొదలు. ఆమె బండి బానెట్ మీద కాయితం పెట్టుకొని, రాస్తూ చదివింది.

"పదకొండు నల్లతుమ్మలు. ఎనిమిదింటికి పాత చెక్క తీసిన మచ్చలు. మచ్చ ఏ దిక్కున ఉందో చూడకుండా ముందే చెప్పిన వ్యక్తి ఇస్రాయేలు, తండ్రి బక్కయ్య. ఎత్తు మాత్రం ఆయన చిన్నప్పటి గుర్తు మీద లెక్కకట్టి చూస్తే సరిపోయింది. మచ్చల వయసు యాభై ఏళ్లకు పైన. పొరల లెక్కలో కొన్నేళ్లు అటూ ఇటూ ఉండొచ్చు. చెక్క తీసింది..." ఆమె కలం ఆపింది. "దేనికోసం అని రాయాలి అంకుల్? మందుకా? వంటచెరుకుకా?"

ఎస్తేరు చెప్పిన మాట అతని చెవుల్లోనే ఉంది. మందుకు అని రాయిస్తే గొడవ లేదు. కానీ మందుకు చెక్క తీసుకునేవాడు ఎవరి చెట్టు నుంచైనా తీసుకుంటాడు. లంద నడిపినవాడికే లంద చుట్టూ సొంత చెట్లుంటాయి. ఆ మాట లేకపోతే ఈ కాయితం ఉత్త చెట్ల ముచ్చట.

"లంద కోసం" అన్నాడు. "బక్కయ్య నడిపిన లంద కోసం అని రాయి. అచ్చరం పోకుండ రాయి."

ముద్ర కొట్టించి తెస్తానని ఆమె కాయితం తీసుకొని పోయింది. రాదనే అతను అనుకున్నాడు. బర్మా పుల్లలు దొరికాయి, ఇక ఈ ముసలోడితో పనేముంది? రోజూ సాయంత్రం అడ్డరోడ్డు నుంచి వచ్చే బండ్లు చూసి, వాకిట్లోనే నిలబడి మారెమ్మతో "చెప్తి గద" అనేవాడు. సర్వేకు ముందురోజు ఆమె వచ్చింది. ముద్ర ఉంది. ఇస్రాయేలు దాన్ని ఎండకు ఎత్తిపట్టి, తర్వాత వేలితో రుద్ది చూశాడు.

సర్వేయర్ మిషన్ నిలబెట్టి, కాయితం అడిగి చదివి, కళ్లద్దాలు పైకి జరిపాడు. "చెట్లకు సర్టిఫికెట్టా? పుట్టిన తేది, పుట్టుమచ్చలు సుత రాసిన్రు!"

"తేది లేదు సార్" అన్నాడు ఇస్రాయేలు. "మచ్చలున్నయ్. మీరు చూసుకోవచ్చు."

సర్వేయర్ నాలుగు చెట్ల దగ్గరికి పోయి, బర్మా బెజ్జాలకు పూసిన మైనం వేలితో తడిమి వచ్చాడు. సాక్షి ఎవరని అడిగితే పరశురాములు గొర్లను వదిలి ముందుకొచ్చాడు.

"గీ చెట్లు ఎవరివో నీకు తెలుసా?"

"తెల్వకేంది సార్. ఇన్నేండ్లల్ల నా గొర్రె ఒక్క కాయ తిన్నా గీ మనిషి దాని నోరు తెరిచి సూసిండు. పరాయి చెట్టుకు ఎవడన్న గంత బాధవడ్తడా?"

సర్వేయర్ నవ్వు ఆపుకుంటూ పంచనామాలో రాశాడు: చెట్లు ఇస్రాయేలు అనుభవంలో ఉన్నట్టు కనబడుతోంది, పూర్వం తోళ్లు ఊనే లంద ఉన్నట్టు ఆధారం చూపారు, విచారణ జరిగేదాకా ఏ కట్టడమూ తగదు.

గోదాంకు ఇంకో చోటు చూస్తున్నారు. ఇరవై గుంటలు మాత్రం ఇంకా పాసుబుక్కులోకి ఎక్కలేదు. ఫైలు విచారణలో ఉంది. లంద అని రాయించిన సంగతి తనే చెప్పడంతో ఎస్తేరు నెలన్నర ఫోన్ చేయలేదు. తర్వాత చేసినా తల్లితోనే మాట్లాడి పెట్టేస్తోంది.

మాఘం పోయి కొమ్మల్లో రసం ఎక్కే కాలం రాగానే స్నిగ్ధ రెండు మట్టికుండలు జీపులో పెట్టుకొని దిగింది. ఇస్రాయేలు కొడవలి నూరి, మూడో చెట్టుకు దక్షిణాన జానెడు వెడల్పు కొలిచి తన చేత్తోనే చెక్క తీశాడు. ఎట్లా తీయాలో చెప్పాడు, ఎట్లా దంచాలో చూపించాడు, ఎంత వగరుందో నాలుకకు అంటించి మరీ నేర్పాడు. ఆమె అన్నీ రాసుకుంది.

"మరి నీళ్లలో ఎన్ని రోజులుంచాలి అంకుల్? చెక్క ఎంతకు నీళ్లెంత?"

ఇస్రాయేలు కొడవలి గడ్డికి తుడిచాడు.

"గది పాసుబుక్కు వచ్చినంక చెప్త."

"అంతదాకా ఎందుకు? రకరకాలుగా కలిపి చూసి ల్యాబులో రెండు నెలల్లో నేనే కనుక్కుంటాను."

"కనుక్కో బిడ్డా. రెండు నెలలల్ల ముందు నువ్వు కనుక్కుంటవో, సర్కారోళ్లు రికార్డుల నా భూమి కనుక్కుంటరో సూద్దాం."